నట్టు బిగువుగానే ఉంది, ఫ్యాన్ మాత్రం ఆడుతోంది

ఈ నెల ఉత్తరాల్లో ఆల్టర్నేటర్ ఫ్యాన్ గోలే ఎక్కువ. అన్నిటికంటే పొడవైన ఉత్తరాన్ని ముందు తీసుకుంటున్నాను. దానికి జవాబు సరిగ్గా చెబితే మిగతావాళ్లకి సగం చెప్పినట్టే.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా దగ్గర మూడు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ ఉంది. జనరేటర్ సెట్టు కాబట్టి ఎప్పుడూ 1500 ఆర్‌పీఎం మీదే తిరుగుతుంది. బ్యాటరీ ఛార్జింగ్ కోసం ముందువైపు బెల్టుతో తిరిగే చిన్న ఆల్టర్నేటర్ ఉంది. పాత రకం, ఫ్యాన్ బయటే, పుల్లీ వెనకాల ఉంటుంది. ఆ ఫ్యాన్ మాటిమాటికీ లూజవుతోంది. మొదటిసారి టిక్ టిక్ అని శబ్దం వస్తే మెకానిక్ నట్టు బిగించి వెళ్లాడు. కొన్నాళ్లకి మళ్లీ అదే శబ్దం. అప్పుడు కొత్త స్ప్రింగ్ వాషర్ వేశాడు. అదీ నిలవలేదు. ఫ్యాన్ మధ్య రంధ్రం అరిగిపోయిందని కొత్త ఫ్యాన్ తెచ్చి, మరలకి ఎర్ర లాక్‌టైట్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) పూసి, ఎయిర్ గన్‌తో (గాలి ఒత్తిడితో నట్టు తిప్పే పనిముట్టు) బిగించి, నట్టు మీద తెల్ల పెయింట్‌తో గీత గీశాడు. ఇప్పుడు మళ్లీ శబ్దం. చూస్తే పెయింట్ గీత చెక్కుచెదరలేదు. ఫ్యాన్‌ని వేళ్లతో పట్టుకుంటే మాత్రం ఆడుతోంది. దాని వెనక నుంచి ఎర్రటి పొడి రాలుతోంది. ఆల్టర్నేటర్ మొత్తం మార్చేయమంటున్నారు. మార్చాలా? అన్నట్టు ఒక మాట రాయడం మరిచాను. ఈ గొడవంతా బేరింగులు మార్పించిన తర్వాతే మొదలైంది.

జవాబు: తొందరపడి మార్చకండి. మీ ఉత్తరంలో రెండు మాటలు బంగారం. ఒకటి, పెయింట్ గీత కదలలేదన్నది. రెండోది, చివర్లో ‘మరిచాను’ అంటూ రాసింది. డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లు కూడా ఇంతే, లేచి తలుపు దాకా వెళ్లాక అసలు సంగతి చెబుతారు.

ఫ్యాన్ లూజవడంలో రెండు రకాలున్నాయి. నట్టు వెనక్కి తిరిగి వదులవడం ఒకటి. నట్టు ఉన్నచోటే ఉండి, దాని కింద ఉన్నవి వదులుగా ఉండటం రెండోది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అదే టిక్ టిక్, అదే ఆట. మందు మాత్రం వేరు. వాషరు, లాక్‌టైట్, ఎయిర్ గన్, ఇవన్నీ మొదటి రకానికి వేసే మందులు. మీది రెండో రకం. గీత గీసి మీ మెకానిక్ మంచి పనే చేశాడు. ఆ గీత ఏం చెబుతోందో ఎవరూ పట్టించుకోలేదు, అంతే.

నట్టు ఉన్నది ఫ్యాన్‌ని ఒక్కదాన్నే పట్టుకోవడానికి కాదు. షాఫ్టు మీద వరసగా కూర్చున్న ముక్కలన్నిటినీ కలిపి నొక్కి ఉంచడానికి. మీ రకం ఆల్టర్నేటర్‌లో లోపలి నుంచి బయటికి వస్తే, ముందు షాఫ్టుకి ఒక మెట్టు ఉంటుంది. దానికి ఆనుకుని బేరింగు లోపలి రింగు, రింగు మీద స్టీలు కాలరు (దళసరి రింగు), కాలరు మీద ఫ్యాన్, కొన్నిటిలో ఫ్యాన్‌కీ పుల్లీకీ మధ్య ఇంకో దళసరి వాషరు, ఆ తర్వాత పుల్లీ, స్ప్రింగ్ వాషరు, చివర నట్టు. నట్టు వేసే ఒత్తిడి ఈ ముక్కలన్నిటి గుండా వెళ్లి షాఫ్టు మెట్టు దగ్గర ఆగాలి. దారిలో ఇంకెక్కడ అడ్డు తగిలినా ఫ్యాన్‌కి దక్కేదేమీ ఉండదు. స్పానర్ పట్టుకున్న చేతికి మాత్రం నట్టు బ్రహ్మాండంగా బిగిసినట్టే తెలుస్తుంది.

ఆ అడ్డు ఎక్కడ తగులుతుంది? బేరింగు మార్చాలంటే ఈ వరసంతా విప్పాలి కదా. అప్పుడు కాలరు పాత బేరింగుకి అంటుకుని దానితో పాటే చెత్తలోకి పోయి ఉండొచ్చు. దాని బదులు చేతికి దొరికిన పల్చటి వాషర్ ఏదో వేసి ఉండొచ్చు. లేదా కాలరు ఉండి, తిరగేసి పెట్టి ఉండొచ్చు. కాలరు రంధ్రానికి ఒకవైపు అంచు ఏటవాలుగా కోసి ఉంటే అది బేరింగు వైపే రావాలి. ఏది జరిగినా ఫలితం ఒకటే. వరస పొడవు తగ్గినా, సరిగ్గా కూర్చోకపోయినా, నొక్కుడు చేరాల్సిన చోటికి చేరదు. వరస పొట్టిదైతే నట్టు తిరుగుతూ తిరుగుతూ మర చివరికి వెళ్లి, మర లేని నున్నటి షాఫ్టు దగ్గర ఆగిపోతుంది. ఎయిర్ గన్ అక్కడ ఎంతసేపు గర్జించినా ఫ్యాన్‌కి పట్టు రాదు. పైగా మీ కొత్త ఫ్యాన్ రేకు పాతదానికంటే కాస్త పల్చగా ఉండి ఉంటే, వరస ఇంకొంచెం పొట్టిదైంది. మొదటి రెండుసార్లు ఎంతో కొంత నిలిచింది, మూడోసారి అసలే నిలవకపోవడం అందుకే అనుకుంటున్నాను.

విప్పకముందే దీనికి సాక్ష్యం దొరుకుతుంది. ఇంజిన్ ఆపి, తిన్నటి స్టీలు స్కేలు ఒకటి తీసుకుని క్రాంకు (ఇంజిన్ ప్రధాన షాఫ్టు) పుల్లీ ముఖానికీ ఆల్టర్నేటర్ పుల్లీ ముఖానికీ ఆనించి చూడండి. రెండు పుల్లీల అంచు దళసరి ఒకటి కాకపోతే, అంచులు కాకుండా బెల్టు గాడులు ఒక వరసలో ఉన్నాయో లేదో చూడాలి. కాలరు లేకపోతే ఆల్టర్నేటర్ పుల్లీ సరిగ్గా ఆ మందం మేరకు లోపలికి జరిగి ఉంటుంది. బెల్టు ఒక పక్కనే అరుగుతూ ఉంటుంది. ముందు మూత మీద టార్చి వేసి చూస్తే ఫ్యాన్ రాసుకున్న గుండ్రటి గీత కూడా కనిపించవచ్చు. ఈ మూడింటిలో రెండు ఉన్నా నాకైతే ఇంక అనుమానం ఉండదు.

ఇక విప్పండి. ముందు బ్యాటరీ నెగటివ్ తీయండి. ఎర్ర లాక్‌టైట్ చల్లగా ఉండగా మొండికేస్తుంది. సుమారు 250 డిగ్రీల వేడికి మెత్తబడుతుంది. హీట్ గన్‌తో నట్టు ఒక్కదాన్నే వేడి చేసి, వేడి మీదే విప్పాలి. గ్యాస్ మంట పెడితే ఆ వేడి షాఫ్టు వెంట పోయి బేరింగులో గ్రీజునీ సీలునీ తినేస్తుంది. మంటే పెట్టాల్సి వస్తే కొత్త బేరింగు కూడా తెచ్చుకుని కూర్చోండి.

అన్నీ తీసి, మరలు బ్రష్‌తో శుభ్రం చేశాక, నట్టుని ఒట్టి షాఫ్టు మీద చేత్తో తిప్పుకుంటూ పోండి. అది ఆగిన చోట షాఫ్టు కొస నుంచి నట్టు బయటి ముఖం దాకా వెర్నియర్‌తో కొలిచి రాసుకోండి. తర్వాత ముక్కలన్నీ పేర్చి, నట్టు బిగించి మళ్లీ అదే కొలవండి. రెండు కొలతలూ దాదాపు ఒకటే అయితే దొంగ దొరికినట్టే. నట్టుని ఆపుతోంది మర చివర, మీ ఫ్యాన్ కాదు. సరైన అమరికలో నట్టు కింద కనీసం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మర ఇంకా మిగిలి ఉండాలి.

కొలతలు రెండూ వేరుగా వచ్చాయంటే అడ్డు ఇంకోచోట ఉంది. అప్పుడు కీ వైపు చూడండి, అంటే పుల్లీ షాఫ్టు మీద జారి తిరగకుండా గాడిలో పెట్టే చిన్న ఇనుప ముక్క. అర్ధచంద్రాకారం కీ గాడిలో పూర్తిగా దిగకుండా ఎత్తుగా నిలబడితే పుల్లీ దాని మీద ఎక్కి కూర్చుంటుంది, కిందికి దిగదు. పుల్లీ దించాక కీ మీద కొత్తగా నలిగిన మెరుపు కనిపిస్తే అదే కారణం. పుల్లీ రంధ్రం లోపల మెట్టు ఉండి, అది షాఫ్టు మీద ముందే ఆగడం కూడా చూశాను. వేరే మోడల్ పుల్లీ తెచ్చి వేస్తే ఇలా అవుతుంది.

ఆ ఎర్రటి పొడి సంగతి. అది మామూలు తుప్పు కాదు. రెండు ఇనుప ముఖాలు ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి దూరం అటూ ఇటూ జారుతూ రాపిడికి రాలిన పొడి. గాలి తగిలి ఎర్రబడింది. ఆ పొడి ఉందంటే అక్కడ నొక్కుడు చాలడం లేదు, ముక్కలు జారుతున్నాయి. దాన్ని తుడిచి పారేయకముందే ఏ రెండు ముక్కల మధ్య ఎక్కువగా ఉందో చూసి పెట్టుకోండి.

ఎందుకు జారుతుందో కూడా చెబుతాను, ఎందుకంటే డీజిల్ ఇంజిన్‌కి ఈ జబ్బు ఎక్కువ. ఇంజిన్ 1500 మీద నిలకడగా తిరుగుతున్నట్టు మీటరు చూపిస్తుంది. నిజానికి క్రాంకు ప్రతి ఫైరింగ్‌కీ, అంటే సిలిండర్‌లో డీజిల్ మండిన ప్రతిసారీ, ఒకసారి ఉరికి, తర్వాత కాస్త మందగిస్తుంది. ఫోర్ స్ట్రోక్ మూడు సిలిండర్లకి నిమిషానికి 2250 ఫైరింగులు, గంటకి 1,35,000. ఆల్టర్నేటర్ పుల్లీ చిన్నది. క్రాంకుకి రెండున్నర రెట్లు తిరుగుతుందనుకుంటే, దాని లోపల తిరిగే రోటరు బరువు ఇంజిన్ వైపు నుంచి చూస్తే ఆ రెండున్నరకి వర్గం, అంటే ఆరింతలకి పైగా భారంగా తోస్తుంది. బెల్టు ఉరికినప్పుడు రోటరు వెనక్కి లాగుతుంది, బెల్టు మందగిస్తే రోటరు ముందుకి తోస్తుంది. ఈ తోపులాటంతా నడిచేది పుల్లీకీ షాఫ్టుకీ మధ్యే. తర్వాత వచ్చిన డీజిల్ కార్లలో ఆల్టర్నేటర్‌కి వన్‌వే క్లచ్ ఉన్న పుల్లీ పెట్టింది ఈ తోపులాటని తప్పించడానికే.

మరి మొదట్లో నట్టు కూడా వదులైంది కదా అంటారు. అవును. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు ప్రయోగం చేసి ఇది తేల్చాడు: నట్టుని ఎక్కువగా వదులు చేసేది నిలువుగా లాగే ఊపు కాదు, దాని కింద ముక్కలు అడ్డంగా జారడం. జారడం మొదలైతే మరల మధ్య రాపిడి పట్టు తప్పుతుంది, నట్టు తనంతట తానే వెనక్కి తిరుగుతుంది. ముక్కలు జారనంతకాలం నట్టు కదలదు. స్ప్రింగ్ వాషర్ అంటే మనవాళ్లకి పెద్ద నమ్మకం. అది పూర్తిగా అణిగి చదునయ్యాక దాని తోపు నట్టు బిగువు పక్కన లెక్కలోకే రాదు. ఉంటే ఉండనివ్వండి, దాని మీద ఆశ మాత్రం పెట్టుకోకండి. మీకు లాక్‌టైట్ వేశాక నట్టు ఆగింది, జారడం ఆగలేదు. అందుకే నట్టు బిగువు, ఫ్యాన్ వదులు.

ఇప్పుడు మందు. ఆ మోడల్ కాలరు దొరికితే అది తెచ్చుకోండి. దొరక్కపోతే లేత్ మీద చేయించుకోవచ్చు. స్టీలుతోనే చేయించాలి, రెండు ముఖాలూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. బయటి వ్యాసం బేరింగు లోపలి రింగు మీద మాత్రమే ఆనాలి, సీలుకి తగలకూడదు. మందం ఎంతో ఊహించక్కర్లేదు. పుల్లీ గాడి క్రాంకు గాడితో ఒక వరసలోకి రావాలంటే ఎంత బయటికి జరగాలో అంతే. నాలుగు పల్చటి వాషర్లు పేర్చి మందం సరిపెడదామని మాత్రం చూడొద్దు. ప్రతి వాషరూ రెండు ముఖాలు. ప్రతి ముఖమూ వాడకంలో కొంచెం అణుగుతుంది.

ఆ ‘కొంచెం’ ఎంత చేటో లెక్క వేసి చూపిస్తాను. 16 మిల్లీమీటర్ల మర ఉన్న నట్టుని 60 న్యూటన్ మీటర్లకి బిగించామనుకోండి. వరస మీద పడే నొక్కుడు సుమారు 19 వేల న్యూటన్లు, అంటే రెండు టన్నులకి కాస్త తక్కువ. ఆ నొక్కుడుకి షాఫ్టు ముక్క సాగేది ఎంతో తెలుసా? వరస పొడవు 40 మిల్లీమీటర్లయితే, ఇరవై మైక్రాన్లకి లోపే. మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా లేదు. నట్టు బిగువంతా ఆ సాగుడులోనే దాగి ఉంటుంది. ఫ్యాన్ మీద వేసిన పెయింట్ పొర మందం 40 మైక్రాన్లు ఉందంటే, ఆ పొర నలిగి పొడై రాలితే చాలు, బిగువు మొత్తం పోయినట్టే. అందుకని ఫ్యాన్ మధ్య భాగంలో రెండు వైపులా, కాలరుకీ పుల్లీకీ ఆనే చోట, పెయింట్ పూర్తిగా గీకేసి మెరిసే ఇనుము కనబడనివ్వండి. నూనె, గ్రీజు కూడా తుడిచేయండి. కొత్త ఫ్యాన్ వేసి కూడా లూజైందని రాసేవాళ్లలో చాలామందికి ఈ పెయింటే కారణం. పెట్టెలోంచి తీసి అలాగే బిగిస్తారు, కొత్తది కదా అని.

బిగించేటప్పుడు కొత్త నట్టు, టార్క్ రెంచ్ (ఎంత బిగించామో అంకెలో చూపే స్పానర్). అంకె మీ ఆల్టర్నేటర్ మాన్యువల్‌లో ఉన్నదే వాడండి, నేను పైన వేసిన లెక్కలోది కాదు. ఎయిర్ గన్ విప్పడానికి మంచి పనిముట్టు. బిగించడానికి కాదు, అది ఎంత బిగించిందో దానికీ తెలియదు. లాక్‌టైట్ వేయాలనిపిస్తే నీలం రకం చాలు. అది గాలి అందని చోట, ఇనుము తాకిడికి గట్టిపడుతుంది. మరలకి జిడ్డు ఉంటే పని చేయదు. పూర్తి బలం రావడానికి ఒక రోజు ఇవ్వండి. లాక్‌టైట్ లేకుండా బిగించినవాళ్లు ఇంజిన్ కొన్ని గంటలు తిరిగాక టార్క్ ఒకసారి మళ్లీ చూసుకోవాలి. వేసినవాళ్లు మాత్రం మళ్లీ బిగించకూడదు, ఆ అతుకు తెగిపోతుంది.

ఇక మార్చాలా వద్దా అన్నది. కాలరు కూర్చునే చోట షాఫ్టు గోటికి తగిలేంత అరిగిపోయి ఉంటే, లేదా కీ గాడి వెడల్పై కీ అందులో అటూ ఇటూ ఊగుతుంటే, రోటరు మార్చండి. గాడి చుట్టూ సెంటర్ పంచ్‌తో పోట్లు కొట్టి కీ బిగిసిందనిపించేవాళ్లున్నారు. ఆ పోట్లు ఎక్కువ కాలం నిలవవు. ఆ తర్వాత ఏ మంచి పుల్లీ వేసినా సరిగ్గా కూర్చోదు. షాఫ్టు బాగుంటే మీకు కావాల్సింది ఒక కాలరు, ఒక నట్టు. మరి వేసిన ఫ్యాన్? మధ్య రంధ్రం సాగకపోతే, రెక్కల మొదట్లో పగుళ్లు లేకపోతే ఉంచుకోండి.

ప్రశ్న: మా నాన్నగారి పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ నేను వాడుతున్నాను. గాలితో చల్లబడే ఇంజిన్, డైనమో కాదు, ఆల్టర్నేటర్ ఉన్న మోడల్. ఐడిల్‌లో వెనక నుంచి రేకు గీరినట్టు చప్పుడు వస్తోంది. ఫ్యాన్ నట్టు లూజైందని ఇంతకుముందు కూడా బిగించారు. ఛార్జింగ్ లైటు వెలగడం లేదు కాబట్టి కొన్నాళ్లు నడుపుకోవచ్చా?

జవాబు: నడపొద్దమ్మా. ఆ లైటుని నమ్ముకోకండి. బీటిల్‌లో బెల్టు తెగితే ఆల్టర్నేటర్ ఆగుతుంది, ఎర్ర లైటు వెలుగుతుంది, మనం బండి ఆపేస్తాం. కానీ అందులో పుల్లీ షాఫ్టుకి ఒక కొసన, ఫ్యాన్ రెండో కొసన రేకు డొప్ప లోపల ఉంటాయి. ఫ్యాన్ వదులై జారుతున్నా బెల్టూ ఆల్టర్నేటరూ మామూలుగా తిరుగుతూనే ఉంటాయి, ఛార్జింగ్ బాగానే అవుతుంది. లైటుకి ఏమీ తెలియదు. ఆ ఫ్యాన్ చల్లబరిచేది సిలిండర్లనీ, హెడ్లనీ, ఆయిల్ కూలర్‌నీ. అంటే మీ ఇంజిన్‌కి రేడియేటర్ అదే. చప్పుడు వినిపిస్తుండగా నడిపితే ఖర్చు ఫ్యాన్‌తో ఆగదు.

మాటిమాటికీ లూజవడానికి పై జవాబులో చెప్పిన కారణమే ఇక్కడ ఇంకో రూపంలో ఉంటుంది. షాఫ్టు మీద కీతో హబ్ కూర్చుంటుంది. దాని మీద పల్చటి షిమ్‌లు (సందు సర్దే రేకు రింగులు), ఆ తర్వాత ఫ్యాన్, వాషరు, 36 మిల్లీమీటర్ల పెద్ద నట్టు. ఫ్యాన్‌కీ వెనక ప్లేటుకీ మధ్య 2 మిల్లీమీటర్ల సందు ఉండేలా షిమ్‌లు సర్దుతారు. సందుకి అక్కర్లేని షిమ్‌లు మిగిలితే వాటిని పక్కన పడేయకూడదు, ఫ్యాన్‌కి బయటివైపు, నట్టు వాషరు కింద వేయాలి. పడేస్తే వరస పొట్టిదవుతుంది, నట్టు చేతికి బిగిసినట్టే ఉంటుంది, ఫ్యాన్‌కి పట్టు ఉండదు. మీవాళ్లు విప్పినప్పుడు షిమ్‌లు ఎన్ని తీశారో, ఎన్ని తిరిగి వేశారో అడగండి. డైనమో ఉన్న మోడల్ హబ్ తెచ్చి ఆల్టర్నేటర్‌కి వేశారేమో కూడా కనుక్కోండి. నట్టుకి టార్క్ సుమారు 60 న్యూటన్ మీటర్లు. బిగించాక ఫ్యాన్‌ని చేత్తో ఒక చుట్టు తిప్పి ఎక్కడా గీరడం లేదని చూసుకున్నాకే లోపలికి ఎక్కించమనండి. మధ్య రేకులో ఒక్క పగులు కనిపించినా ఆ ఫ్యాన్ మళ్లీ వేయొద్దు.

ప్రశ్న: ఫ్యాన్‌ని పుల్లీకి నాలుగుచోట్ల వెల్డింగ్ పెట్టించేస్తే పీడ విరగడ కదా?

జవాబు: కాదు. ఇప్పుడు ఫ్యాన్ ఒక్కటే ఆడుతోంది, అప్పుడు రెండూ కలిసి ఆడతాయి. వెల్డింగ్ వేడికి పల్చటి రేకు వంకరపోతుంది, బ్యాలెన్స్ తప్పుతుంది, పగులు ఆ వెల్డింగ్ అంచునే మొదలవుతుంది. ఆల్టర్నేటర్ పదివేల ఆర్‌పీఎం తిరిగే బళ్లున్నాయి. ఆ వేగంలో 15 సెంటీమీటర్ల ఫ్యాన్ రెక్క కొస సెకనుకి 78 మీటర్లు పోతుంది. విరిగిన రెక్క ఎటు వస్తుందో ఎవరికీ తెలియదు. ఫ్యాన్ శబ్దం చేస్తున్న ఇంజిన్‌ని ముందు నిలబడి వంగి చూసేవాళ్లకి కూడా ఇదే మాట. ఆపి చూడండి.

ప్రశ్న: సరైన ఫ్యాన్ రావడానికి టైం పడుతుందన్నారు. అప్పటిదాకా ఫ్యాన్ తీసేసి ఒట్టి పుల్లీతో నడపొచ్చా?

జవాబు: ఫ్యాన్ తీస్తే దాని మందం వరసలో తగ్గిపోతుంది, ఆ మందానికి సరిపడే రింగు వేయకపోతే రేపు పుల్లీయే లూజవుతుంది. అది వేసినా వేడి సంగతి ఉంది. ఈ రకం ఆల్టర్నేటర్లు తీసుకున్న శక్తిలో సగానికి కాస్త పైగా మాత్రమే కరెంటుగా ఇస్తాయి. 14 వోల్టుల మీద 35 ఆంపియర్లు ఇస్తుంటే, అటూ ఇటూగా 400 వాట్లు లోపలే వేడిగా మిగులుతుంది. బయటి ఫ్యాన్ వెనక నుంచి గాలి లాగి, డయోడ్ల మీదుగా, వైండింగు మీదుగా తెచ్చి ముందు నుంచి విసిరేస్తుంది. అది లేకపోతే ముందు పోయేవి డయోడ్లే. నన్నడిగితే ఆ కొన్ని రోజులూ బెల్టే తీసేయండి, బ్యాటరీని బయట ఛార్జ్ చేసుకోండి. తీసేముందు మాత్రం ఆ బెల్టు వాటర్ పంపుని కూడా తిప్పుతోందేమో చూడండి. తిప్పుతుంటే ఈ సలహా మీకు కాదు.

ప్రశ్న: నేను డిప్లొమా విద్యార్థిని. కొన్ని ఆల్టర్నేటర్ల షాఫ్టుకి కీ గాడే ఉండదు. కీ లేకుండా పుల్లీ, ఫ్యాన్ ఎలా ఆగుతాయి సార్? లోపల ఫ్యాన్ ఉన్నవాటికి ఈ సమస్య రాదా?

జవాబు: మంచి ప్రశ్న. పైన వేసిన లెక్కే ముందుకి తీసుకెళ్లు. నొక్కుడు 19 వేల న్యూటన్లు. పొడి స్టీలు ముఖాల మధ్య రాపిడి గుణకం 0.15 అనుకో. ఆనే ముఖం సగటు వ్యాసార్థం 11 మిల్లీమీటర్లు. గుణిస్తే ఒక్క ముఖమే 31 న్యూటన్ మీటర్ల దాకా జారకుండా పట్టుకోగలదు. 35 ఆంపియర్లు ఇస్తున్న ఆల్టర్నేటర్‌ని 3750 ఆర్‌పీఎం మీద తిప్పడానికి కావాల్సింది రెండు మూడు న్యూటన్ మీటర్లే. ఫైరింగ్ కుదుపులకి దాన్ని కొన్ని రెట్లు చేసినా ఇంకా పట్టు మిగిలే ఉంటుంది. కాబట్టి పని చేసేది రాపిడి. కీ తెగిపోయిన కేసు ఎప్పుడైనా నీ చేతికి వస్తే, కీ బలహీనమైందని రాసి ఊరుకోకు. నొక్కుడు ముందే పోయి ఉంటుంది, ఆ భారం కీ మీద పడి అది తెగి ఉంటుంది.

లోపల ఫ్యాన్ ఉన్నవాటిలో రేకు ఫ్యాన్లు రెండు, రోటరు పోల్స్‌కి రెండు వైపులా వెల్డింగ్‌తో అతికి ఉంటాయి. వాటికి నట్టుతో సంబంధం లేదు. ఆ అతుకు ఊడితే రోటరు మార్చడమే. అక్కడ మళ్లీ వెల్డింగ్ పెడితే పక్కనే ఉన్న కాయిల్ మాడుతుంది. పుల్లీ లూజవడం మాత్రం వాటికీ వస్తుంది, కారణాలూ అవే.

ప్రశ్న: నట్టు విప్పబోతే షాఫ్టు కూడా తిరిగిపోతోంది. ఫ్యాన్ రెక్కల మధ్య స్క్రూడ్రైవర్ పెట్టి ఆపుతున్నాం. పరవాలేదా?

జవాబు: వెంటనే మానేయండి. రెక్క వంగితే ఫ్యాన్ బ్యాలెన్స్ పోతుంది, రెక్క మొదట్లో పగులు పడుతుంది. షాఫ్టు కొసన చూడండి, చాలావాటికి అలెన్ కీ పట్టే ఆరు పలకల గుంట ఉంటుంది. అందులో కీ పెట్టి ఆపి, బయట రింగ్ స్పానర్‌తో నట్టు తిప్పాలి. గుంట లేకపోతే పాత బెల్టు ముక్క పుల్లీ గాడిలో చుట్టి, రెండు కొసలూ కలిపి వైస్‌లో పట్టించండి. పుల్లీని ఒట్టిగా వైస్‌లో పెట్టి బిగిస్తే గాడి అంచు నలుగుతుంది, తర్వాత అది బెల్టుని కోస్తుంది. వైస్ కూడా లేకపోతే ఎయిర్ గన్ వాడండి, విప్పడానికే.